మోటార్‌హోమ్‌లో కాపురం పెట్టే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మోటార్‌హోమ్ అంటే మంచం, వంటగది, టాయిలెట్ లోపలే ఉండే బండి. సెలవుల్లో తిరగడానికి కొన్న అలాంటి బండినే ఇల్లు చేసుకుందామనుకునేవాళ్ళూ, ఇల్లు ఖాళీ చేసి కొత్తగా బండి కొనబోయేవాళ్ళూ మమ్మల్ని మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. మేమిద్దరం ఆరేళ్ళుగా బండిలోనే ఉంటున్నాం. ఇక్కడ రాసినవాటిలో చాలా సంగతులు మాకు చేతులు కాల్చుకున్నాకే తెలిశాయి.

సెలవులకు వాడే బండి ఏడాది పొడవునా ఉండటానికి పనికిరాదా?

పనికొస్తుంది, కానీ ఉన్నది ఉన్నట్టుగా కాదు. వారం రోజుల ప్రయాణానికి వెళ్ళే బండి వెనకాల ఎప్పుడూ ఒక ఇల్లు ఉంటుంది. నీళ్ళు ఇంట్లో నింపుకుని వెళ్తాం, బ్యాటరీ ఇంటి కరెంటుతో ఛార్జి చేసుకుంటాం, మాసిన బట్టలు తిరిగొచ్చాక ఉతుక్కుంటాం. కాపురం మొదలయ్యాక ఆ ఇల్లు ఉండదు. నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి, మురుగు ఎక్కడ వదలాలి, నాలుగు రోజులు వరసగా మబ్బు పడితే దీపం ఎలా వెలగాలి అన్నది బండే చూసుకోవాలి. పైగా ఎండాకాలం బట్టలు, చలికాలం బట్టలు, మందులు, కాగితాలు, పనిముట్లు అన్నీ ఒకేసారి బండెక్కుతాయి. అందుకే ముందు బరువు సంగతి తేల్చుకోండి. కర్టెన్ల రంగు, దిండు గలేబులు ఆ తర్వాత.

బండిలో ఎంత సామాను పెట్టుకోవచ్చు?

అందరూ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఎక్కువమంది చివర్లో అడుగుతారు.

తయారీదారు బిగించిన ఒక రేకు మీద, సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గరో బానెట్ కిందో, బండి మోయగల నిండు బరువు రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ వాటా. ఉదాహరణకు నిండు బరువు 3,500 కిలోలు, ఖాళీ బరువు 3,050 కిలోలు అనుకుందాం. మిగిలింది 450 కిలోలు. వినడానికి బోలెడంత అనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కించడం మొదలుపెట్టండి. ఇద్దరు మనుషులు 140 కిలోలు, 100 లీటర్ల నీళ్ళు 100 కిలోలు, పక్కకు సాగే పందిరి 30, అదనపు బ్యాటరీలూ సోలార్ ప్యానెళ్ళూ కలిపి 50, నిండు గ్యాస్ సిలిండర్లు రెండు 40. మొత్తం 360. ఒక్క గిన్నె, ఒక్క చొక్కా పెట్టకముందే చేతిలో మిగిలింది 90 కిలోలు. కొన్ని బండ్లకు డ్రైవరు బరువును ఖాళీ బరువులోనే కలిపి చెబుతారు, కొన్నింటికి కలపరు. అది కూడా చూసుకోవాలి.

బ్రోచరులో ఉన్న ఖాళీ బరువును నమ్ముకోకండి. తర్వాత బిగించిన ప్రతి పరికరం ఆ అంకెను పెంచుతుంది. లారీలను తూచే కాటా మీదికి బండిని తీసుకెళ్ళి మూడుసార్లు తూయించండి: ముందు చక్రాలు మాత్రం, బండి మొత్తం, వెనక చక్రాలు మాత్రం. మేం మొదటిసారి తూయించినప్పుడు మొత్తం బరువు పరిమితికి లోపే ఉంది. హమ్మయ్య అనుకుంటూ చీటీ మడత పెట్టబోతుంటే వెనక ఇరుసు అంకె కనబడింది. పరిమితి కన్నా 110 కిలోలు ఎక్కువ. తప్పంతా వెనక డిక్కీది. పనిముట్ల పెట్టె, సైకిళ్ళు, మడత కుర్చీలు అన్నీ అక్కడే కుక్కేశాం. వెనక చక్రాలు దాటి బయటికి పొడుచుకొచ్చిన భాగం ఏతం కొమ్ములా పనిచేస్తుంది. అక్కడ పెట్టిన బరువు ముందు చక్రాలను పైకి లేపి, వాటి భారాన్ని కూడా వెనక్కి తోస్తుంది. ముందూ వెనకా ఇరుసుల మధ్య 4 మీటర్ల దూరం ఉండి, సామాను వెనక ఇరుసుకు 2 మీటర్ల వెనకాల ఉంటే, 100 కిలోల సామాను వెనక ఇరుసు మీద 150 కిలోలై కూర్చుంటుంది. ముందు చక్రాలు 50 కిలోలు తేలికపడతాయి. తడి రోడ్డు మీద స్టీరింగు జారినట్టు అనిపించడానికి మా బండిలో కారణం అదే. బరువైనవన్నీ రెండు ఇరుసుల మధ్యకు, నేలకు దగ్గరగా సర్దాక ఆ జారుడు పోయింది.

టైర్ల గ్రిప్పు కొత్తగానే ఉంది. మార్చాలా?

మోటార్‌హోమ్ టైరు అరిగిపోకముందే ముసలిదైపోతుంది. ఎండకు ఎండి, నెలల తరబడి ఒకేచోట బరువు మోస్తూ నిలబడి, లోపలి రబ్బరు బిరుసెక్కుతుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఐదేళ్ళు దాటిన టైర్లను ఏటా తెలిసినవాళ్ళకు చూపించాలి. పదేళ్ళు నిండితే ఎంత నిగనిగలాడుతున్నా తీసేయాల్సిందే. మేమైతే ఏడో ఏట మార్చేస్తాం. నిండు బరువుతో పోయే బండికి ముందు టైరు పేలితే ఏమవుతుందో ఒకసారి దగ్గరనుంచి చూశాం. ఇక ఆ విషయంలో బేరాలాడబుద్ధి కాదు.

గాలి ఎంత ఉండాలన్నది ఇరుసు మీద పడే బరువును బట్టి ఉంటుంది. కాటా చీటీ దాచుకోవాల్సింది ఇందుకే. ఆ అంకెలను టైరు కంపెనీ పట్టికతో పోల్చి, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి.

పాత బండి కొంటే అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?

చెమ్మ. ఇంజను బాగుచేసుకోవచ్చు, సీట్లు మార్చుకోవచ్చు. గోడలోకి నీళ్ళు దిగిన బండికి మాత్రం ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పైకప్పు అతుకులు, కిటికీల అంచులు, పైన గాలి కోసం కోసిన కిటికీ చుట్టూ, లైట్ల చుట్టూ నీళ్ళు దిగకుండా పూసిన జిగురు, అంటే సీలెంటు ఉంటుంది. ఎండకు అది పగులుతుంది. పగులులోంచి దిగిన నీళ్ళు గోడ లోపలి చెక్క చట్రాన్ని నానబెడతాయి. బయటినుంచి చూస్తే రంగు కూడా చెదరదు. అందుకని అలమరలన్నీ ఖాళీ చేయించి, మూలమూలా చెయ్యి పెట్టి చూడాలి. మా మొదటి బండిలో మంచం తలవైపు అలమరలో బొటనవేలితో గోడను నొక్కుకుంటూ పోయాను. అంతటా గట్టిగా తగిలిన పలక ఒక్కచోట మెత్తగా లోపలికి పోయింది. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉండిపోయింది. ముక్కు దగ్గర పెట్టి చూస్తే తడిసిన గోనెసంచి వాసన. తర్వాత పలక విప్పితే వెనకున్న చెక్క కాఫీపొడిలా రాలింది. స్క్రూలు పట్టు లేక ఊరికే వేలాడుతున్నాయి. ఇంతకీ నీళ్ళు దిగిన దారి పైకప్పు పట్టీ కింద వెంట్రుకవాసి పగులు.

చెమ్మ మీటరు ఉంటే ఇంకా మంచిది. మామూలుగా 15 శాతం లోపుంటే భయం లేదు. 20 దాటితే కారణం వెతకాలి. 30 దాటిన చోట లోపల చెక్క పాడవుతూనే ఉందనుకోవాలి. వాన కురిసిన మర్నాడు బండి చూడటానికి వెళ్ళండి. అమ్మేవాళ్ళు లోపలంతా ఘుమఘుమలాడే సెంటు కొట్టి ఉంచితే మరింత శ్రద్ధగా వాసన చూడండి.

బండి మీదయ్యాక ఆరు నెలలకోసారి నిచ్చెన వేసుకుని పైకప్పు అతుకులన్నీ చూసుకోవాలి. పగుళ్ళు పూడ్చడానికి మామూలు సిలికోన్ మాత్రం వాడకండి. ఒకసారి పూశాక దాని మీద ఇంకే సీలెంటూ పట్టదు. అంతా గోకి తీయాల్సి వస్తుంది. అతుకు కింద బ్యూటైల్ టేపు (మెత్తటి, జిగటైన రబ్బరు పట్టీ), పైన బండి బాడీల కోసమే చేసిన సీలెంటు సరిపోతాయి.

పొద్దున్నే కిటికీల మీద నీళ్ళు కారుతున్నాయి. అది లీకేనా?

చాలావరకు కాదు. అవి మీ ఊపిరి, మీ వంట. ఒక కిలో గ్యాస్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. దానికి తోడు ఇద్దరు మనుషుల ఊపిరి, తడి తువ్వాళ్ళు. ఆ ఆవిరి చల్లటి అద్దం తగలగానే నీరవుతుంది. అద్దం మీది నీళ్ళు తుడిచేయొచ్చు, పరుపు కింద చేరిన తడి కనబడదు. పరుపు కింద గాలాడేలా చెక్క బద్దలు వేయండి. వంట చేసేటప్పుడు పైకప్పు ఫ్యాను తిప్పండి. చలిగా ఉన్నా రాత్రిపూట పై కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి. పొగను బయటికి వదిలే డీజిల్ హీటరు ఉంటే లోపల గాలి పొడిగా ఉంటుంది. గ్యాస్ పొయ్యి వెలిగించి చలి కాచుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

బ్యాటరీ ఎంత పెట్టుకోవాలి?

ముందు ఒక కాగితం తీసుకుని రోజు వాడకం రాయండి. మాది ఇలా ఉంటుంది. 45 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్ రోజులో సగం సేపు తిరుగుతుంది, అంటే 540 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). ల్యాప్‌టాప్ 60 వాట్లు, ఐదు గంటలు, 300. ఇంటర్నెట్ రౌటరు రోజంతా 240. ఫ్యాను 150. దీపాలు, ఫోన్లు, నీళ్ళ పంపు కలిపి 110. మొత్తం 1,340.

ఎండ లేకపోయినా రెండు రోజులు గడవాలంటే దాదాపు 2,700 వాట్-అవర్లు కావాలి. పాత రకం లెడ్-యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కాబట్టి అందులో దానికి రెట్టింపు, 5,400 వాట్-అవర్లు పెట్టాలి. బ్యాటరీ 12 వోల్టులతో భాగిస్తే 450 ఆంపియర్-అవర్లు. బరువు 120 కిలోలు దాటుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 80 నుంచి 90 శాతం వాడుకోవచ్చు. 250 ఆంపియర్-అవర్లు సరిపోతాయి, 30 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. ఇందాకటి 90 కిలోలు గుర్తుందా? ధర ఎక్కువైనా లిథియమే తీసుకోమని నేను చెప్పేది ఆ కాటా చీటీని చూసే.

లిథియంకు రెండు జాగ్రత్తలు. బ్యాటరీ సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే చలి ప్రాంతాల్లో తిరిగేవాళ్ళు బ్యాటరీని బండి లోపలే పెట్టుకోవాలి. ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటరును నేరుగా దానికి కలపకూడదు. ఆల్టర్నేటరు పీల్చిపిప్పయి కాలిపోగలదు. మధ్యలో, కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జరు పెట్టాలి.

ఇన్వర్టర్ మీద కెటిల్, హీటర్ నడవవా?

కెటిల్ నడుస్తుంది. కానీ 1,500 వాట్ల కెటిల్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 140 ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటుకు సన్న తీగ వేస్తే తీగే పొయ్యి అవుతుంది. ఇన్వర్టరును బ్యాటరీకి దగ్గరగా బిగించి, బొటనవేలంత లావు కేబులు వేయించి, బ్యాటరీ ప్లస్ కొసకు ఆనుకునే ఫ్యూజు పెట్టించండి. ఫ్యూజు అవతలి కొసన ఉంటే మధ్యలో తీగ రాపిడికి తెగి షార్టయినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు. ఐదు నిమిషాల కెటిల్ ఖర్చు 125 వాట్-అవర్లే, పర్వాలేదు. గంటల తరబడి నడిచే రూమ్ హీటరు, ఏసీ, నీళ్ళ గీజరు మాత్రం బ్యాటరీ మీద పెట్టుకోకండి.

సోలార్ ఒక్కటే చాలదా?

మంచి ఎండ కాసే రోజుల్లో చాలు. పైకప్పు మీద బల్లపరుపుగా బిగించిన 400 వాట్ల ప్యానెళ్ళు, నష్టాలు పోను, రోజుకు 1,200 నుంచి 1,400 వాట్-అవర్లు ఇస్తాయి. భూమధ్యరేఖకు దూరంగా, శీతకాలంలో, సూర్యుడు వాలుగా ఉండే చోట అందులో ఐదో వంతు కూడా రాని రోజులుంటాయి. ఒక కొమ్మ నీడ ప్యానెల్ మూల మీద పడితే ఆ ప్యానెల్ మొత్తం నీరసపడిపోతుంది. చల్లగా ఉంటుందని చెట్టు కింద ఆపితే బ్యాటరీ నిండదు. వేసవిలో రోజూ ఈ రెండింటి మధ్యే తేల్చుకోవాలి. ఇంజను నడిచేటప్పుడు ఒక దారి, బయట కరెంటు దొరికినప్పుడు ఒక దారి, సోలార్ ఒక దారి, మూడూ ఉంటే నిశ్చింత.

నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి?

పొదుపుగా వాడితే ఇద్దరికీ రోజుకు 20 నుంచి 25 లీటర్లు. 100 లీటర్ల ట్యాంకు నాలుగైదు రోజులు. స్నానం దగ్గరే అసలు తేడా వస్తుంది. ఒళ్ళు తడుపుకుని, నీళ్ళు కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పితే ఎనిమిది లీటర్లలో అయిపోతుంది.

ట్యాంకును ఏడాదికి రెండుసార్లు శుద్ధి చేయాలి. సువాసన కలపని, 5 శాతం గాఢత ఉన్న బ్లీచు 100 మిల్లీలీటర్లను 100 లీటర్ల నీళ్ళకు కలిపి, ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా వదిలి, కొన్ని గంటలు అలాగే ఉంచండి. తర్వాత వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడగండి. ఆ మధ్యలో ఆ నీళ్ళు తాగకూడదు. తాగే నీళ్ళు పట్టే పైపు, మురుగు కడిగే పైపు వేర్వేరు రంగుల్లో కొనండి. రెండూ ఒకే పెట్టెలో పెట్టొద్దు. చేతొడుగులు కూడా విడిగా ఉండాలి.

టాయిలెట్ సంగతి?

తీసి పారబోసుకునే క్యాసెట్ రకంలో 17 నుంచి 20 లీటర్లు పడుతుంది. ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. అందుకు కట్టిన చోటే పారబోయాలి. పొదల్లో, కాలువల్లో వదిలేవాళ్ళ వల్లే చాలాచోట్ల మన బండ్లను ఆగనివ్వడం లేదు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు, ఎదురుగా కనబడితే అడుగుతాను.

గ్యాస్ విషయంలో ఏం జాగ్రత్త పడాలి?

ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా నేలమీదికి దిగి మూలల్లో చేరుతుంది. అందుకే సిలిండరు అరలో నేలకు రంధ్రాలుంటాయి. చలిగాలి వస్తోందని వాటిలో గుడ్డలు కుక్కినవాళ్ళను చూశాను. ఆ రంధ్రాలే మిమ్మల్ని కాపాడేవి. ప్రతి అతుకు మీదా సబ్బునురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకండి. గ్యాస్ ట్యూబు మీద తేదీ ఉంటుంది, గడువు తీరితే మార్చేయండి. సిలిండరు నిలువుగా, కదలకుండా కట్టి ఉండాలి.

ఎల్‌పీజీలో ఉండేవి ముఖ్యంగా బ్యూటేన్, ప్రొపేన్ అనే రెండు గ్యాసులు. చలి ప్రాంతానికి పోతుంటే సిలిండరులో ఏముందో అడగండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. సిలిండరు నిండుగా ఉన్నా పొయ్యి వెలగదు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా పనిచేస్తుంది.

పొయ్యి, హీటరు సరిగ్గా మండకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాని అలారం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో, గ్యాస్ లీకు అలారం నేలకు దగ్గరగా బిగించండి. నెలకోసారి బటన్ నొక్కి మోగించి చూడండి. మంటలార్పే సిలిండరు తలుపు పక్కన ఉండాలి, పొయ్యి పక్కన కాదు. మంట దాటుకుని వెళ్ళి దాన్ని తెచ్చుకోలేం. తలుపు దారి మూసుకుపోతే ఏ కిటికీలోంచి దూకాలో అనుకుని, ఒకసారి నిజంగా దూకి చూడండి. మేం పగలు చేసి చూస్తే ఆ కిటికీ గొళ్ళెం బిగుసుకుపోయి ఉందని తెలిసింది.

చిరునామా, బీమా, లైసెన్సు?

రూల్స్ దేశానికో తీరుగా ఉంటాయి, కానీ మూడు సంగతులు ఎక్కడైనా తేల్చుకోవాలి. కాపురం ఆ బండిలోనేనని బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. సెలవుల బండిగా తీసుకున్న పాలసీ, ప్రమాదం జరిగాక చెల్లదనొచ్చు. లోపలి సామానుకు బీమా ఉందో లేదో విడిగా అడగండి. రెండోది, ఉత్తరాలూ బ్యాంకు కాగితాలూ చేరే ఒక నమ్మకమైన చిరునామా. మూడోది, మీ లైసెన్సు ఎంత బరువు బండిదాకా పనికొస్తుందన్నది. 3,500 కిలోలు దాటితే వేరే లైసెన్సు అడిగే దేశాలున్నాయి.

విడి భాగాలు ఏం పెట్టుకోవాలి?

అన్ని సైజుల ఫ్యూజులు, ఒక నీళ్ళ పంపు, పైపు బిగింపులు, సీలెంటు టేపు, వోల్టులు కొలిచే మల్టీమీటరు. పంపు చెడితే బండి నిండా నీళ్ళున్నా చుక్క రాదు, అందుకే అది తప్పనిసరి. మిగతావి దారిలో దొరుకుతాయి.

ఇల్లు ఎప్పుడు వదలాలి?

తొందరపడకండి. ముందు ఇంటి ముందే బండి నిలిపి, ఇంటి కరెంటు, ఇంటి నీళ్ళు ముట్టకుండా పది రోజులు అందులో ఉండండి. మధ్యలో రెండు రోజులు వాన పడితే మరీ మంచిది. ఏదైనా తెచ్చుకోవడానికి ఇంట్లోకి వెళ్ళాల్సి వస్తే దాన్ని ఒక పుస్తకంలో రాసుకోండి. బండిలో ఉండి కూడా పది రోజుల్లో ఒక్కసారైనా చెయ్యి తగలని వస్తువులను ఇంకో పేజీలో రాయండి. మా రెండో పేజీలో 60 పైగా వస్తువులు తేలాయి. మందులు, వాన కోటు, పనిముట్లు ఉంచి తక్కినవన్నీ దించేశాం. ఒకరు పడుకుని ఉండగా ఇంకొకరు వంట చేయగలరా, ఇద్దరూ ఒకేసారి ఫోన్లో మాట్లాడగలరా అన్నది కూడా ఆ పది రోజుల్లోనే తెలుస్తుంది. మాకైతే కుదరలేదు. బల్ల మధ్యలో ఒక మందపాటి తెర కట్టాక కుదిరింది.

బయల్దేరే రోజు పొద్దున ఏం చూసుకోవాలి?

గ్యాస్ కట్టేశామా, పై కిటికీలు మూశామా, మెట్టు లోపలికి మడిచామా, కరెంటు తీగ విప్పామా, ఫ్రిజ్ తలుపుకూ అలమరలకూ గొళ్ళెం పడిందా. ఇవి ఒకరు చూసి, రెండోవారు బండి చుట్టూ ఇంకోసారి తిరిగి చూడాలి. పైకప్పు మీది పరికరాలతో సహా బండి ఎత్తు కొలిచి, పెద్ద అంకెలతో రాసి స్టీరింగు ఎదురుగా అంటించండి. తక్కువ ఎత్తు వంతెన ఎదురైనప్పుడు గుర్తు తెచ్చుకునే తీరిక ఉండదు. తర్వాత నీళ్ళు సగం ట్యాంకే నింపి, సామాను మొత్తం ఎక్కించి, ఇద్దరూ కూర్చుని, నేరుగా కాటా దగ్గరికి పోనివ్వండి.